దగ్గుపొడిలో ఆఖరి దినుసు

నా చేతిరాతతో ఉన్న ఒక తప్పు ఇంకా ఎక్కడో తిరుగుతూ ఉంది. అందుకే ఈ సంగతి రాసి పెట్టవలసి వచ్చింది. అరవైల చివర్లో మా ఊరి గ్రంథాలయంలో ఒక లిఖిత పత్రిక నడిచేది. అది అచ్చు పత్రిక కాదు. పాఠకులమే తెల్ల కాగితాల మీద రాసి, అంచులకి రంగులు వేసి, దారంతో కుట్టి మూడు నెలలకొక సంచిక బల్ల మీద పెట్టేవాళ్లం. ఒక సంచికలో దగ్గుకీ ఆయాసానికీ మా ఇంట్లో చేసే మందు గురించి నేను వ్యాసం రాశాను. దినుసులు, పాళ్లు, చేసే పద్ధతి, పథ్యం అన్నీ అందులో ఉన్నాయి. కింద నా సంతకం ఉంది. ఆ సంచికని పొరుగూరి గ్రంథాలయం వాళ్లు తమ పాఠకులకి చూపిస్తామని పట్టుకెళ్లారు. మళ్లీ రాలేదు. ఈ మధ్య ఒక పెళ్లిలో భోజనాల దగ్గర ఒకాయన నన్ను గుర్తుపట్టి, "మా నాన్నగారి కాగితాల్లో మీ మందు దొరికిందండీ. మా ఆవిడకి ఆయాసం. చేద్దామనుకుంటన్నాం" అన్నాడు. ఆయన్ని పక్కకి తీసుకెళ్లి చేయొద్దన్నాను. ఎందుకు చేయకూడదో ఆ సందడిలో చెప్పలేకపోయాను. ఇది ఆయన కోసం, ఆ కాగితం దొరికిన మరెవరైనా ఉంటే వాళ్ల కోసం.

మా ఊరు వంశధార ఒడ్డున, కళింగపట్నానికి బండి మీద రెండు గంటల దూరం. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా నాన్న పోయారు. బడి మాని నాగలి పట్టాను. వరి, నార కోసం గోగు మా పంటలు. పంచాయతీ ఆఫీసు పక్క గదిలో ఉన్న గ్రంథాలయమే ఆ తరవాత నాకు బడి. మూడు బీరువాలు ఉండేవి. మొదటిది కథలు, రెండోది పురాణాలు, చరిత్ర. మూడోది వైద్యం, వ్యవసాయం, జ్యోతిషం. ఇరవై రెండేళ్లు వచ్చేసరికి మూడూ పూర్తి చేశాను. తెలియని మాట వస్తే నిఘంటువు తీసేవాణ్ణి. మా ఊళ్లో నిఘంటువు అట్ట నుంచి అట్టకి తిరగేసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఈ మాట అప్పట్లో నలుగురితోనూ చెప్పుకునేవాణ్ణి. ఇప్పుడు రాస్తూంటే కూడా కాస్త గర్వంగానే ఉంది.

మా మేనత్త, నాన్నకి అక్క, భర్త పోయాక మా ఇంటికే వచ్చేసింది. పిల్లలు లేరు. అత్తవారింటి నుంచి ఆవిడ తెచ్చుకున్నది ఒక చిన్న ఇనప రోకలి, దగ్గుపొడి చేసే పద్ధతి. చుట్టుపక్కల ఏ ఇంట్లో దగ్గినా మా అరుగు మీదకి వచ్చేవారు.

దినుసులన్నీ నాకు తెలుసు, ఒక్కటి తప్ప. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, కరక్కాయ పెచ్చు, నీడన ఎండబెట్టిన అడ్డసరం ఆకు. పిప్పళ్లు, కరక్కాయలు కొండ మీద నుంచి సంతకి వచ్చే సవర ఆవిడ దగ్గరే తీసుకోవాలి. పిప్పళ్లని నేతిలో వేయించేటప్పుడు ఇల్లంతా ఘాటు పట్టి, దగ్గు లేనివాళ్లం కూడా దగ్గేవాళ్లం. అన్నీ విడివిడిగా దంచి, పాత పంచె గుడ్డలో జల్లించి, కలిపి మళ్లీ దంచాలి. చింతగింజంత పొడి తేనెలో రంగరించి పరగడుపున నాకాలి. మూడు వారాలు చేపలు ముట్టకూడదు. సముద్రం అంత దగ్గరగా ఉన్నవాళ్లకి ఇది దగ్గు కన్నా పెద్ద కష్టం. ఒకసారి పక్కింటి ఆయన అరుగు మీద కూర్చుని బేరం పెట్టాడు.

"రొయ్యలు సేపలు కావు కదే పిన్నీ. సెప్పు, అయ్యి తినొచ్చునేటి?"

"తిను నాయినా, ఎవులొద్దన్నారు. దగ్గుతా తిను. గొంతుకకి అడ్డం పడితే అప్పుడు రా, దానికీ మందుంది నా కాడ."

"నీ మందు కన్నా నీ నోరే సేదు."

"ఆ సేదుకే తగ్గుతున్నాది నీకు. లెగు, పనుంది."

ఇక ఆ ఒక్కటి. అన్నీ కలిపి దంచడం అయ్యాక అత్త, "అటు తిరగండి" అనేది. ఇంట్లో ఎవరున్నా వీపు తిప్పి నిలబడాలి. అప్పుడు ఆఖరి దినుసు రోట్లో పడుతుంది. అది ఏదో చూడకూడదు, అడగకూడదు. చూస్తే మందు పారదని, చెప్తే చేసేవాళ్ల చేయి పోతుందని ఆచారం. చిన్నప్పటి నుంచీ నేను అలాగే తిరిగి నిలబడ్డాను. రోకలి దెబ్బలు పన్నెండు పడేవి. లెక్క పెట్టేవాణ్ణి. ఒక్కసారి కూడా తల తిప్పలేదు. మూడో బీరువా మొత్తం చదివినవాణ్ణి, నా ఇంట్లో రోట్లో ఏం పడుతుందో చూడకుండా ఉండటం తప్పని నాకు తోచలేదు. పెద్దవాళ్ల మాటకి ఇచ్చే గౌరవం అదే అనుకున్నాను.

అమ్మకి నలభై దాటాక ఆయాసం పట్టుకుంది. గోగు ఊరబెట్టే రోజుల్లో ఆ కంపుకి, చలిమంచుకి మరీ ఎక్కువయ్యేది. అరుగు మీద స్తంభం పట్టుకుని కూర్చుని గాలి కోసం మెడ ముందుకి చాచేది. అత్త పొడితో అందరి దగ్గూ తగ్గేది గానీ అమ్మ ఆయాసం తగ్గలేదు. పట్నంలో డిస్పెన్సరీకి తీసుకెళ్తే డాక్టరుగారు తెల్ల మాత్రలు ఇచ్చారు. వాటితో ఊపిరి ఆడేది. కానీ గుండె దడదడలాడేది, చేతులు వణికేవి. చేటతో బియ్యం చెరుగుతూంటే గింజలు కింద పోయేవి.

సరిగ్గా ఆ రోజుల్లోనే నేను మూడో బీరువాలో ఒక ప్రకృతి వైద్యం పుస్తకం చదువుతున్నాను. ఇంగ్లీషు మాత్రలు రోగాన్ని లోపలికి తోస్తాయని, గుండెని పాడు చేస్తాయని అందులో ఉంది. అమ్మ చేతుల వణుకు చూశాక నాకు ఇంక రుజువు అక్కర్లేకపోయింది. ఒక రోజు పొద్దున్న మాత్రల పొట్లం తీసుకెళ్లి గోగు ఊరేసిన గుంటలో పడేశాను. అమ్మా అత్తా గట్టు మీద నిలబడి చూశారు.

"ఇంక ఈ ఇంట్లోకి ఆ మాత్ర రాకూడదు. మన మందు ఉండగా అదెందుకు" అన్నాను.

అమ్మ అత్త మొహం చూసింది. అత్త, "సరేలే నాయినా. సదివినోడివి, నువ్వు సెప్పినట్టే కానీ" అంది.

ఆ తరవాత అత్త అమ్మకి వేరే డబ్బాలో వేరేగా దంచడం మొదలుపెట్టింది. పాత జబ్బు కాబట్టి ఆఖరి దినుసు ఎక్కువ పడాలంది. పది రోజుల్లో అమ్మకి ఊపిరి కుదుటపడింది. గట్ల వెంట నడిచి చేనుకి అన్నం తెచ్చింది. చేతులు మాత్రం కొద్దిగా వణుకుతూనే ఉండేవి. పాత మాత్రల విషం ఇంకా వదల్లేదని నేనే చెప్పాను. వాళ్లిద్దరూ విన్నారు.

నా సంతోషానికి హద్దు లేదు. ఈ మందు గురించి లోకానికి తెలియాలనిపించింది. ఆఖరి దినుసు ఒక్కటే అడ్డు. అడగకూడదు, చూడకూడదు. కానీ చదువుకున్నవాడు ఆలోచించి తెలుసుకోకూడదని ఎవరూ అనలేదు కదా. అమ్మ డబ్బాలోంచి చిటికెడు తీసి నాలిక మీద వేసుకున్నాను. ముందు మిరియం మంట, తరవాత కరక్కాయ వగరు, అన్నిటి వెనకా ఒక గట్టి చేదు. మామూలు పొడిలో ఆ చేదు లేదు. మూలికల పుస్తకాలు నాలుగు ముందేసుకుని చేదు మూలికలన్నీ కాగితం మీద రాసుకున్నాను. కఫానికి పనికొచ్చేవి ఉంచి మిగతావి కొట్టేశాను. మా ప్రాంతంలో దొరకనివి కొట్టేశాను. చివరికి నేలవేము మిగిలింది. ఆ వారం రోజులంత ఆనందంగా నేనెప్పుడూ చదవలేదు. "ఆఖరి దినుసు నిస్సందేహంగా నేలవేమే" అని వ్యాసంలో రాశాను.

సంచిక వచ్చిన రోజు గ్రంథాలయంలో చిన్న సభ పెట్టారు. ముప్పై మంది దాకా వచ్చారు. లైబ్రేరియన్ గారు నా చేతే వ్యాసం చదివించారు. అమ్మ, అత్త గుమ్మం పక్కన చాప మీద కూర్చున్నారు. మాత్రలు గుంటలో పడేసిన సంగతి, అమ్మ లేచి తిరిగిన సంగతి చదివినప్పుడు జనం అమ్మ వైపు చూసి చప్పట్లు కొట్టారు. అమ్మ తల దించుకుంది. అత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆచారం బయట పెట్టినందుకు కోపమొచ్చిందేమో అనుకున్నాను. ఇంటికెళ్లాక, "నేలవేమేనా అత్తా?" అని నవ్వుతూ అడిగాను.

"నాను సెప్పకూడదు కదరా" అంది.

ఆ మాటనే ఒప్పుకోలుగా తీసుకున్నాను.

మరుసటి ఏడు చలికాలంలో భావనపాడులో చుట్టాలమ్మాయి పురిటికి సాయం కావాలని కబురొస్తే అత్త వెళ్లింది. నెలకి సరిపడా పొడి చేసి డబ్బా అమ్మకిచ్చింది. నెల దాటినా అత్త రాలేదు. పురుడు ఆలస్యమైందట. డబ్బా అడుగు కనిపించింది.

"అత్తకి కబురెట్టరా. బేగి రమ్మను" అంది అమ్మ.

"పొడి కోసం అత్తెందుకే? నేను చేస్తాను."

"నీకు సేతనవుద్దేటి?"

"వ్యాసం రాసింది ఎవరు?"

 సంతకి వెళ్లి పిప్పళ్లు, కరక్కాయలు తెచ్చాను. పొలం గట్ల మీద వెతికి నేలవేము పీకి ఎండబెట్టాను. అత్త లాగే విడివిడిగా దంచి జల్లించాను. ఆఖరికి, "అటు తిరుగు" అన్నాను అమ్మతో. అవసరం లేదు, అది నేలవేమని ఊరందరికీ నేనే చెప్పాను. అయినా అన్నాను. అమ్మ నా మొహం కాసేపు చూసి, గోడ వైపు తిరిగి నిలబడింది. నేను పన్నెండు దెబ్బలు కొట్టాను.

మూడు రోజులు అమ్మ ఆ పొడి తిన్నది. ఎలా ఉందంటే బాగానే ఉందంది. చేతుల వణుకు కూడా తగ్గింది. చూశావా అన్నాను. నాలుగో రోజు తెల్లారి నేను పశువులకి గడ్డి వేసి వచ్చేసరికి అమ్మ స్తంభం పట్టుకుని ఉంది. డొక్కలు లోపలికి పోతున్నాయి. పెదాలు నేరేడు పండు రంగులోకి తిరిగాయి. మాట రావడం లేదు. పొడి తేనెలో కలిపి నోటి దగ్గర పెడితే చేత్తో తోసేసింది. అమ్మ నా చేయి తోసెయ్యడం నేను ఎరగను.

పక్కింటి ఆయన, రొయ్యల బేరం పెట్టినాయన, బండి కట్టాడు. అమ్మని నా గుండెకి ఆనించి కూర్చోబెట్టుకున్నాను. దారంతా ఒక్కో ఊపిరీ లోపలికి పోతుందా లేదా అని వింటూ కూర్చున్నాను. నాకు తెలిసిన పుస్తకాల్లో ఒక్కదాంట్లోది ఒక్క మాట కూడా ఆ రెండు గంటలూ గుర్తు రాలేదు.

డిస్పెన్సరీలో డాక్టరుగారు నరానికి ఇంజక్షన్ ఇచ్చారు. కాసేపటికి అమ్మ డొక్కలు నెమ్మదించాయి, కళ్లు మూసుకుంది. డాక్టరుగారు లోపలికి వెళ్లాక కాంపౌండరు గారు నా దగ్గరకి వచ్చారు. మంచి మనిషి. మందలింపుగా కాదు, మామూలుగా అడిగారు.

"మీ మేనత్త నెల దాటినా రాలేదేటి బాబూ? మాత్రలు కట్టి ఉంచేను. ఆపీసేరా మాత్రలు?"

ఏ మాత్రలన్నాను.

ఆయన బల్ల సొరుగులోంచి పొట్లం తీసి చూపించారు. తెల్ల మాత్రలు. నేను గుంటలో పడేసినవే. "పొడిలో నూరి కలిపీసుకుంటామంది. అలగైతేనే మింగుతాదంట మీ అమ్మ. ఏడాదై పట్టుకెల్తంది కదా" అన్నారు.

ఒక మాత్ర తీసి నాలిక మీద పెట్టుకున్నాను. గట్టి చేదు. నాలుగు పుస్తకాలు వెతికి నేను నేలవేమని తేల్చిన చేదు అదే.

బయట బండి దగ్గరకి వచ్చి పక్కింటి ఆయన్ని అడిగాను, ఆయనకి తెలుసా అని. ఎద్దు మెడ మీద గోకుతూ అటు చూసి మాట్లాడాడు. "సంతకెల్లినప్పుడల్లా పిన్నిని ఇక్కడ దింపీది నానే కదా."

"సభలో ముందు వరసలో కూర్చున్నావు నువ్వు. చప్పట్లు కొట్టావు."

"కొట్టినాను. నువ్వు బాగా సదివినావు మరి."

అమ్మని ఇంటికి తెచ్చాం. అత్త రెండు రోజుల్లో వచ్చింది. కబురు ముందే అందినట్టుంది. గుమ్మంలో కాళ్లు కడుక్కోకుండానే అమ్మ మంచం దగ్గర కూర్చుంది. నేను మాత్రల పొట్లం వాళ్లిద్దరి మధ్యా పెట్టాను.

"నన్ను మోసం చేశారు" అన్నాను. 

"సెప్తే మింగనిస్తావేటి?" అంది అమ్మ. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "గుంటలో పారేసినావు. నాకు ఊపిరాడొద్దా?"

"నేను పొడి చేస్తానన్నప్పుడైనా చెప్పొచ్చు కదా. గోడ వైపు తిరిగి నిలబడ్డావు కదే అమ్మా."

అమ్మ దుప్పటి అంచు వేళ్లతో నలిపింది. "నాలుగు పుస్తకాలు సూసి సేసినావు. దాంతోటి కూడా తగ్గుద్దేమో అనుకున్నానురా. ఇయాలో రేపో వదిన వస్తాది కదా అనీ అనుకున్నాను."

అత్త వైపు తిరిగాను. "అసలు ఆఖరి దినుసు ఏది? మాత్రలకి ముందు ఏం వేసేదానివి?"

 అత్త ఇనప రోకలి ఉన్న మూల వైపు చూస్తూ చెప్పింది. "ఏటీ ఏసేదాన్ని కాదు. మా అత్త నాకు సెప్పకుండా సచ్చిపోనాది. అడిగినాను, కాళ్లట్టుకున్నాను. సెప్తే సేయి పోద్దన్నాది. నువ్వే పోతన్నావు, ఇంక సేయెందుకే అత్తా అన్నా సెప్పనేదు. నాను ఒట్టి రోకలే దంచీదాన్ని. పన్నెండు దెబ్బలు. జనం అటు తిరిగి నిలబడతారు కదా, ఏదో ఒకటి పడకపోతే ఎలగ."

"ముప్పై ఏళ్లూ?"

"దగ్గులు తగ్గినాయి కదేటి. ఇంకేటి కావాలి నీకు?"

నాకు ఏం కావాలో అప్పుడు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పగలను. నేను చిన్నప్పటి నుంచి వీపు తిప్పి నిలబడ్డ ప్రతిసారీ ఆ రోట్లో ఏదో ఒకటి ఉండి ఉండాల్సింది. వ్యాసం చదువుతున్నప్పుడు ఆ ఇద్దరిలో ఒకరైనా లేచి వెళ్లిపోయి ఉండాల్సింది. నా మాటకి ఎదురు చెప్పలేక కాదు, నన్ను చిన్నబుచ్చలేక దాచారని అందరూ అన్నారు. ఆ మాట వింటే మరీ మండేది. మాత్రలు గుంటలో పడేసింది నేనే, నిజమే. కానీ చప్పట్ల మధ్య నిలబెట్టింది వాళ్లు. అమ్మ ఊపిరి పోయేదాకా వచ్చినా ఒక్కరూ నోరు విప్పలేదు. అత్త వడ్డించింది తిన్నాను గానీ నెలన్నర ఆవిడతో మాట్లాడలేదు. ఆ తరవాత మాట్లాడాను, ఆవిడ పోయేదాకా బాగానే చూసుకున్నాను. మునుపటి నమ్మకం మాత్రం తిరిగి రాలేదు. ఎవరైనా "అటు తిరుగు" అంటే ఇప్పటికీ తిరగను.

మాత్రలు ఆ రోజు నుంచి దాపరికం లేకుండా అమ్మ తలగడ పక్కనే ఉండేవి. డాక్టరుగారు మోతాదు తగ్గించి రాశారు, వణుకు తగ్గింది. అంత చిన్న సంగతి, అడిగి ఉంటే ముందే తేలేది. అత్త ఊరివాళ్లకి దగ్గుపొడి చేయడం మానలేదు. కానీ అటు తిరగమనడం మానేసింది. రెండు మూడేళ్లలో రావడం తగ్గించారు జనం. అదే పొడి. మునుపటిలా పారడం లేదనేవారు.

నేను గ్రంథాలయానికి వెళ్లి సంచిక అడిగాను. నా వ్యాసం కింద నాలుగు వాక్యాలు రాద్దామని ఎర్ర సిరా కూడా పట్టుకెళ్లాను. లైబ్రేరియన్ గారు పొరుగూరి వాళ్లకి ఇచ్చానన్నారు. పొరుగూరు వెళ్తే వాళ్లు ఇంకో ఊరి పేరు చెప్పారు. ఆ ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆ ఎర్ర సిరాతో రాయవలసిన వాక్యాలు ఇవి: దగ్గుకి పొడి మంచిదే. ఆయాసానికి అది చాలదు. ఆఖరి దినుసు నేలవేము కాదు. ఆయాసం ఉన్నవాళ్ల మాత్రలు ఎవరూ పారేయకండి.

ఇది రాయడానికి సాయపడ్డవాళ్లకి ఒక్కొక్కరికీ కృతజ్ఞత చెప్పాలి. పేర్లు రాయడం లేదు, వాళ్ల పిల్లలూ మనవలూ ఇంకా ఆ ఊళ్లలోనే ఉన్నారు. ఎప్పుడూ పుచ్చు పిప్పలి ఇవ్వని సవర ఆవిడకి. మూడు బీరువాల తాళాలూ నాకు వదిలేసి ఇంటికెళ్లిన లైబ్రేరియన్ గారికి. ఎద్దుల్ని ఆపకుండా రెండు గంటలు తోలిన పక్కింటాయనకి, ఆయన చప్పట్లకి మాత్రం కాదు. ఇంజక్షన్ ఇచ్చిన డాక్టరుగారికి. కట్టి ఉంచిన పొట్లం చూపించిన కాంపౌండరు గారికి అందరికన్నా ఎక్కువ, ఆ ఏడాదిలో నాతో ఉన్నది ఉన్నట్టు మాట్లాడింది ఆయనొక్కరే. మూడు రోజులు నా పొడిని నమ్మి చూసిన అమ్మకి.

అత్తకి కూడా చెప్పాలి. ఆ ఏడాదంతా అమ్మకి ఊపిరి పోసింది ఆవిడే. ఈ వాక్యం రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది.